‘ఏదో తేడాగా ఉంది డాక్టర్‌’... ఆ మాట మింగెయ్యొద్దు!

నెలలు నిండుతున్న వేళ తలనొప్పి, కళ్లు మసకబారడం, పైకడుపులో నొప్పి... అన్నీ ‘మామూలే’ అనిపిస్తాయి. చాలాసార్లు మామూలువే కూడా. కానీ కొన్నిసార్లు అవే ప్రాణం మీదికి తెచ్చే ముప్పుకు తొలి హెచ్చరికలు. వాటిని గుర్తించడం ఒక ఎత్తు. డాక్టరు చెవిన పడేలా చెప్పడం మరో ఎత్తు.

రాత్రి తొమ్మిదిన్నర. పెనుకొండ దగ్గర ఓ పల్లె అనుకుందాం. ఎనిమిదో నెల నిండిన అమ్మాయి. మొదటి కాన్పని పుట్టింటికి వచ్చి పది రోజులైంది. మధ్యాహ్నం నుంచీ తల పగిలిపోతోంది.

‘‘అమ్మా, తల నొస్తాంది. కండ్లు కూడా మసకమసకగా ఉండాయి.’’

‘‘ఎండకు తిరిగింటావులే. నూనె పెడతా, పండుకో. తెల్లారితే తగ్గిపోతాది.’’

కాసేపటికి పక్కటెముకల కింద, కుడివైపు నొప్పి మొదలైంది. గ్యాస్‌ అనుకుని సోడా తాగించారు. అమ్మాయికి మాత్రం లోపల ఒకటే గుబులు. ఇది గ్యాస్‌ కాదు, ఎండదెబ్బా కాదు. ఏదో తేడాగా ఉంది. కానీ ఆ మాట అంటే ‘ఊరికే భయపడతాంది’ అంటారేమోనని నోరు మెదపలేదు.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. హిందూపురంలోనో, ధర్మవరంలోనో, మీ ఇంట్లోనో ఈ రాత్రే ఎవరికైనా ఎదురుకావొచ్చు. ఇలాంటి రాత్రి ఏం చేయాలో ముందే తెలిసి ఉంటే తల్లీబిడ్డలిద్దరూ క్షేమంగా తెల్లవారుజామును చూస్తారు. అందుకే ఈ కథనం.

పేరు గుర్రపువాతం... మొదలయ్యేది చడీచప్పుడు లేకుండా

గర్భంతో ఉన్నప్పుడు రక్తపోటు పెరిగి, దాని ప్రభావం అవయవాల మీద పడటాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ఫిట్స్‌ వచ్చే స్థాయికి ముదిరితే ఎక్లాంప్సియా. మన పెద్దలు గుర్రపువాతం అనేది దీన్నే. ప్రపంచవ్యాప్తంగా ప్రతి 100 మంది గర్భిణుల్లో 2 నుంచి 8 మందికి ప్రీఎక్లాంప్సియా వస్తుందని అంచనా. మామూలుగా 20 వారాల తర్వాత, ఎక్కువగా చివరి మూడు నెలల్లో బయటపడుతుంది.

దీనికి మూలం మాయలో ఉంటుంది. బిడ్డకు రక్తం అందించడానికి గర్భసంచిలోని రక్తనాళాలు బాగా వెడల్పు కావాలి. కొందరిలో అవి తగినంత వెడల్పు కావు. రక్తం చాలక ఇబ్బంది పడే మాయ నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలో కలుస్తాయి. అవి ఒళ్లంతా రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అందుకే ఇది ఒక్క బీపీ జబ్బు కాదు. మెదడు మీద ప్రభావం పడితే తలనొప్పి. చూపు మీద పడితే మసకలు, మెరుపులు. కాలేయం మీద పడితే పైకడుపులో నొప్పి. మూత్రపిండాల మీద పడితే మూత్రంలో ప్రొటీన్‌ పోవడం.

బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువుంటే మామూలు కాదు. కొన్ని గంటల తేడాతో మళ్లీ చూసి నిర్ధరించుకుంటారు. 160/110కి చేరితే అత్యవసర పరిస్థితి. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. కాళ్ల వాపు లేకుండా కూడా ఇది రావొచ్చు. మూత్రంలో ప్రొటీన్‌ కనిపించకపోయినా రావొచ్చు. ‘కాళ్లకు నీరు రాలేదు కదా, బీపీ ఉండదులే’ అన్న లెక్క తప్పు.

గ్యాసా? కాలేయమా?

నెలలు నిండిన గర్భిణికి ఎదలో మంట, పొట్ట పట్టేసినట్టుండటం మామూలే. బిడ్డ పెరిగి జీర్ణాశయాన్ని పైకి నెడుతుంది మరి. అయితే పక్కటెముకల కింద మధ్యలోనో, కుడివైపునో వదలకుండా ఉండే నొప్పి, దాంతోపాటు వాంతులు, నీరసం ఉంటే అది కాలేయం నుంచి వస్తున్న నొప్పి కావొచ్చు. ప్రీఎక్లాంప్సియా ముదిరినప్పుడు కొందరిలో ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయి, కాలేయ ఎంజైములు పెరుగుతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దీన్ని హెల్ప్‌ సిండ్రోమ్‌ అంటారు. కొందరిలో మొదట్లో బీపీ అంతగా పెరగకపోవచ్చు. అందుకే గ్యాస్‌ మాత్ర వేసుకుని పడుకోవడం ప్రమాదం. బీపీ చూడాలి, రక్తపరీక్ష చేయాలి. గ్యాసో కాదో తేల్చేది ఆ రెండే.

తలనొప్పికీ ఇదే సూత్రం. నిద్ర చాలకపోయినా, నీళ్లు తాగకపోయినా తల నొప్పి పుడుతుంది. విశ్రాంతి తీసుకున్నా, పారాసిటమాల్‌ వేసుకున్నా తగ్గని తలనొప్పి మాత్రం వేరు. ఇంట్లో ఉన్నాయి కదా అని మిగతా నొప్పి మాత్రలు వేసుకోవద్దు. డైక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌ వంటివి చివరి నెలల్లో బిడ్డకు హాని చేస్తాయి.

వెంటనే కదలాల్సిన లక్షణాలు

ముప్పంతా గుర్రపువాతంతోనే కాదు. చివరి మూడు నెలల్లో వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ‘రేపు చూద్దాం’ అనుకోవద్దు.

• తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, చుక్కలు
• పైకడుపులో వదలని నొప్పి
• ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, ఉంగరం బిగుసుకుపోవడం
• బిడ్డ కదలికలు తగ్గడం, లేదా ఎప్పుడూ ఉండే తీరు మారడం
• రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం
• పొట్ట రాయిలా గట్టిపడి నొప్పి తగ్గకపోవడం. మాయ విడిపోతోందనడానికి ఇది గుర్తు కావొచ్చు. రక్తం బయటికి కనిపించకపోవచ్చు కూడా
• పడుకుంటే ఆయాసం, కూర్చుంటే కాస్త నయం అనిపించడం, గుండెదడ. గుండె బలహీనపడినా, రక్తహీనత తీవ్రంగా ఉన్నా ఇలా ఉంటుంది
• ఒక కాలే వాచి, పిక్కలో నొప్పి రావడం, లేదా హఠాత్తుగా ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు
• అరచేతులు, అరికాళ్లలో విపరీతమైన దురద, ముఖ్యంగా రాత్రిళ్లు. కాలేయం నుంచి పైత్యరసం సరిగా పారడం లేదని అర్థం కావొచ్చు
• చివరి నెలల్లో ఆగని వాంతులు, కళ్లు పచ్చబడటం
• జ్వరం, చలి, మూత్రంలో మంట
• ఫిట్స్‌, మతి తప్పడం

వీటన్నింటి చివర ఇంకోటి చేర్చుకోండి. ‘ఏం జరుగుతోందో చెప్పలేను కానీ నేను బాగాలేను’ అన్న భావన. ఇది పిచ్చి భయం కాదు. మీ ఒంటిలో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మీకు తెలిసినంతగా ఏ యంత్రానికీ తెలియదు.

మూడు చోట్ల జరిగే ఆలస్యం

కాన్పు సమయంలో తల్లులు ఎందుకు చనిపోతున్నారన్న దానిపై సెరీన్‌ థాడియస్‌, డెబొరా మెయిన్‌ అనే పరిశోధకులు 1994లో ఓ వ్యాసం రాశారు. వాళ్లు చెప్పింది చాలా తేలిక మాట. ఆలస్యం మూడు చోట్ల జరుగుతుంది. ఆసుపత్రికి వెళ్లాలని ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఒకటి. దారిలో రెండోది. ఆసుపత్రికి చేరాక సరైన వైద్యం అందడంలో మూడోది. ఇప్పటికీ ప్రపంచమంతా తల్లుల మరణాలను సమీక్షించేటప్పుడు ఈ మూడు ప్రశ్నలే వేసుకుంటుంది.

మన రాష్ట్రం ఈ విషయంలో చాలా దూరమే వచ్చింది. నమూనా నమోదు సర్వే ప్రకారం 2018-20 మధ్య దేశంలో ప్రతి లక్ష కాన్పులకు 97 మంది తల్లులు చనిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45. సగానికంటే తక్కువ. ఆసుపత్రి కాన్పులు పెరగడం, 2005లో 108 అంబులెన్సులు రావడం వంటివన్నీ ఇందుకు తోడ్పడ్డాయి. కానీ ఆ 45 మంది మాటేమిటి? వాళ్లలో ఎవరిని తీసుకున్నా ఈ మూడు ఆలస్యాల్లో ఏదో ఒకటి కనిపించే అవకాశమే ఎక్కువ. మూడో ఆలస్యంలో ఒక భాగం గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. ఆమె చెప్పింది, ఎవరూ వినలేదు. లేదా విన్నారు కానీ పట్టించుకోలేదు.

సెరెనా చెప్పినా వెంటనే నమ్మలేదు

‘చదువూ డబ్బూ లేకపోతేనే ఇలా’ అనుకుంటే పొరపాటు. టెన్నిస్‌ దిగ్గజం సెరెనా విలియమ్స్‌కు 2017 సెప్టెంబరులో సిజేరియన్‌తో పాప పుట్టింది. మర్నాడే ఊపిరి అందలేదు. గతంలో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన అనుభవం ఉంది కాబట్టి ఆమెకు వెంటనే అర్థమైంది. నర్సు దగ్గరికి వెళ్లి తనకు సీటీ స్కాన్‌ చేయాలని, రక్తం పలచబరిచే మందు ఇవ్వాలని అడిగింది. నొప్పి మందుల మత్తులో ఏదో మాట్లాడుతోందని నర్సు అనుకుంది. ముందు కాళ్లకు అల్ట్రాసౌండ్‌ చేశారు. అందులో ఏమీ దొరకలేదు. ఆమె పట్టు వదల్లేదు. చివరికి సీటీ స్కాన్‌ చేస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయి. 2018లో ఈ సంగతి ఆమే స్వయంగా చెప్పింది.

ఒలింపిక్‌ స్వర్ణం గెలిచిన అమెరికా అథ్లెట్‌ టోరీ బోవీ కథ మరింత విషాదం. ఎనిమిది నెలల గర్భంతో 2023లో ఇంట్లో ఒంటరిగా చనిపోయింది. ఎక్లాంప్సియా కారణం అయ్యుండొచ్చని శవపరీక్ష నివేదిక పేర్కొంది. గర్భిణులు, బాలింతలు చెప్పే మాట వినండంటూ అమెరికా ఆరోగ్యశాఖకు చెందిన సీడీసీ 2020లో ప్రత్యేకంగా ఓ ప్రచారమే మొదలుపెట్టింది. ‘హియర్‌ హర్‌’ అని దానికి పేరు. ‘ఆమె మాట వినండి’ అని అర్థం.

ఎందుకు వినిపించదు?

డాక్టర్లకు మనసు లేక కాదు. కారణాలు వేరే ఉన్నాయి. గర్భిణుల ఓపీ రోజు వరండా అంతా కిటకిటలాడుతుంది. ఒక్కొక్కరికి దక్కేది కొద్ది నిమిషాలే. వచ్చినవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే... నడుంనొప్పి, కాళ్లవాపు, నిద్ర లేదు. పదిమంది మామూలు తలనొప్పుల మధ్య పదకొండోది ప్రమాదకరమైనది అయితే అది తేలిగ్గా జారిపోతుంది.

ఇటువైపు మన తప్పూ ఉంది. ‘ఎలా ఉందమ్మా?’ అని డాక్టరు అడగ్గానే అలవాటుగా ‘బాగుంది సార్‌’ అనేస్తాం. అమ్మాయిని అడిగితే అత్తో, భర్తో జవాబు చెబుతారు. అసలు బాధ ఇంటికొచ్చాక గుర్తొస్తుంది. హిందూపురంలాంటి చోట భాష కూడా అడ్డమే. ఇంట్లో కన్నడమో, ఉర్దూనో మాట్లాడే అమ్మాయి తెలుగులో తన బాధను సగమే చెప్పగలదు. వైద్యం కోసం బెంగళూరు వెళ్లిన తెలుగు అమ్మాయి పరిస్థితీ అంతే.

ధర్మవరంలో మగ్గం ఇంట్లో రోజంతా కండెలు చుట్టే ఇల్లాలికి నడుము నొప్పి, కళ్లు లాగడం కొత్తేమీ కాదు. బట్టల ఫ్యాక్టరీలో మిషన్‌ మీద కూర్చునే అమ్మాయికి కాళ్లవాపు రోజూ ఉండేదే. అలవాటైన బాధలో కొత్త బాధ కలిసిపోతే గుర్తుపట్టడం కష్టం. అందుకే ‘నొప్పిగా ఉంది’ అని ఊరుకోకుండా ‘రోజూ ఉండే నొప్పి కాదు, ఇది వేరే’ అని చెప్పాలి. వినే డాక్టరుకు ఆ ఒక్క ముక్కే దారి చూపిస్తుంది.

వినిపించేలా చెప్పండి ఇలా

ఏడుస్తూనో, మొహమాటపడుతూనో చెప్పినదానికంటే వరస పెట్టి చెప్పిన నాలుగు వాక్యాలకు బలం ఎక్కువ. ఇంట్లో ఒకసారి పలికి చూసుకోండి. కాగితం మీద రాసుకున్నా తప్పు లేదు.

ఒకటి, నేనెవరు: ‘‘నాకిది మొదటి కాన్పు. 35వ వారం.’’ నెలలకంటే వారాలు చెప్పడం మేలు. డాక్టర్లు లెక్కించేది వారాల్లోనే.

రెండు, ఏం జరుగుతోంది, ఎప్పటి నుంచి: ‘‘మధ్యాహ్నం రెండు నుంచి తలనొప్పి. మాత్ర వేసుకున్నా తగ్గలేదు. సాయంత్రం నుంచి చూపు మసగ్గా ఉంది.’’

మూడు, ఇంతకుముందు ఎలా ఉంది: ‘‘పోయిన నెల బీపీ 110/70. గతంలో ఇలాంటి తలనొప్పి ఎప్పుడూ రాలేదు.’’

నాలుగు, నా భయం ఏమిటి: ‘‘ఇది గుర్రపువాతమేమోనని భయంగా ఉంది. బీపీ, మూత్రం, రక్తం చూడండి.’’

ఈ నాలుగోదే చాలామంది నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోతుంది. ‘డాక్టరుకు నేను చెప్పాలా?’ అన్న సంకోచం. చెప్పండి. రోగం పేరు పలికితే డాక్టరును తప్పుపట్టినట్టు కాదు. అది కాదని తేల్చమని అడుగుతున్నట్టు.

‘ఏం లేదమ్మా, ఇంటికెళ్లు’ అంటే మర్యాదగానే మూడు ప్రశ్నలు వేయండి. ‘‘నా బీపీ ఎంత ఉంది సార్‌? కార్డులో రాయండి.’’ ‘‘ఈ నొప్పి దేనివల్ల అనుకుంటున్నారు?’’ ‘‘ఏం కనిపిస్తే నేను మళ్లీ రావాలి, ఎక్కడికి రావాలి?’’ ఈ మూడింటికీ జవాబు ఉంటే నిశ్చింతగా వెళ్లొచ్చు. జవాబు దొరక్కపోతే, బాధ తగ్గకపోతే మళ్లీ వెళ్లండి. అదే రాత్రి రెండోసారి వెళ్లడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు. అవసరమైతే ఇంకో ఆసుపత్రికి వెళ్లండి.

బీపీ సరిగా చూస్తున్నారా?

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ముప్పు దొరికేది ఇక్కడే. ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్నాక చూడాలి. వీపుకు ఆనుడు ఉండాలి, కాళ్లు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ బిగుతైన చొక్కా చేతి మీద కాకుండా చర్మం మీదే కట్టాలి. లావుగా ఉన్నవారి చేతికి చిన్న పట్టీ కడితే అంకె తప్పు వస్తుంది. ప్రతిసారీ అంకె ఎంతో అడిగి కార్డులో రాయించుకోండి.

మీ మామూలు బీపీ ఎంతో తెలిసుంటే ఇంకో లాభం. ఎప్పుడూ 100/60 ఉండే అమ్మాయికి ఉన్నట్టుండి 136/86 వస్తే, 140 దాటలేదు కదా అని వదిలెయ్యకూడదు. జబ్బు అని తేల్చలేకపోవచ్చు కానీ, త్వరగా మళ్లీ చూడాల్సిన అంకె అది.

పుట్టింటికి కార్డు లేకుండా రావొద్దు

మన దగ్గర మొదటి కాన్పు పుట్టింట్లో చేయడం ఆనవాయితీ. బెంగళూరులోనో, హిందూపురంలోనో ఏడు నెలలు చూపించుకున్న అమ్మాయి సీమంతం అయ్యాక పల్లెకు వస్తుంది. ప్రమాదం ఎక్కువగా ఉండే రోజుల్లోనే డాక్టరు మారిపోతారు. కొత్త డాక్టరుకు పాత బీపీ ఎంతో తెలియదు, రక్తం ఎంత ఉందో తెలియదు, స్కానింగులో ఏం చెప్పారో తెలియదు.

అందుకే చీరలు సర్దుకునే పెట్టెలో మొట్టమొదట పెట్టాల్సింది మాతాశిశు రక్షణ కార్డు. దాంతోపాటు స్కానింగ్‌ కాగితాలు, రక్తం గ్రూపు, వేసుకుంటున్న మందుల చీటీ. ఊరికి రాగానే అక్కడి ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు చెప్పి పేరు రాయించుకోండి. వాటన్నింటినీ ఫోనులో ఫొటోలు తీసి భర్తకూ పంపండి. అర్ధరాత్రి హడావుడిలో కాగితం మరిచినా ఫోను చేతిలో ఉంటుంది.

దారి ముందే తెలిసుండాలి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... మూడూ ఒకే రైలు మార్గంలో ఉన్న ఊళ్లు. మూడింటా ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. పెద్ద వైద్యం కావాలంటే ఉత్తరాన అనంతపురం ప్రభుత్వ సర్వజనాసుపత్రి, దక్షిణాన బెంగళూరు. ధర్మవరానికి అనంతపురం సుమారు 40 కిలోమీటర్లు. పెనుకొండకు దాదాపు 70. హిందూపురం నుంచి అటు అనంతపురమైనా, ఇటు బెంగళూరైనా వంద కిలోమీటర్లకు అటూఇటూ. అంటే ఎంత లేదన్నా రెండు గంటలు. ఫిట్స్‌ వచ్చాక ఆ రెండు గంటలు చాలా పొడవు.

కాబట్టి ఎనిమిదో నెల రాగానే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. మనకు దగ్గర్లో రాత్రిపూట కూడా గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, రక్తం అందుబాటులో ఉండే ఆసుపత్రి ఏది? అక్కడికి ఎలా వెళ్తాం? రక్తం ఇవ్వడానికి ఎవరొస్తారు? 108కు ఫోన్‌ చేస్తే ఊరి గుర్తు ఏం చెప్పాలి? గుడి పక్కనా, పాల కేంద్రం ఎదురుగానా?

ఇంకో ముఖ్యమైన సంగతి. పెద్దాసుపత్రికి పంపేటప్పుడు చేతులు దులుపుకొని పంపడం కాదు, మొదటి వైద్యం చేసి పంపాలి. గుర్రపువాతానికి మెగ్నీషియం సల్ఫేట్‌ ఇంజెక్షన్‌ సంజీవని. 33 దేశాల్లో 10 వేల మందికి పైగా గర్భిణులపై జరిగిన మాగ్‌పై పరిశోధన 2002లో తేల్చింది ఇదే. ఈ మందు ఫిట్స్‌ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుంది. ఖరీదైన మందూ కాదు. మొదటి డోసును శిక్షణ పొందిన ఏఎన్‌ఎం కూడా ఇచ్చి పంపొచ్చని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అందుకే రిఫర్‌ చేస్తుంటే అడగండి. ‘‘మెగ్నీషియం ఇచ్చారా? బీపీ తగ్గడానికి మందు ఇచ్చారా? చీటీలో సమయం రాశారా? అక్కడికి ఫోన్‌ చేశారా?’’

జబ్బు పూర్తిగా నయం కావాలంటే కాన్పు ఒక్కటే మార్గం. 37 వారాలు నిండితే కాన్పు చేస్తారు. అంతకుముందైతే తల్లి పరిస్థితి, బిడ్డ ఎదుగుదల తూచి నిర్ణయిస్తారు. నెలలు తక్కువైతే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్‌ ఇంజెక్షన్‌ ఇస్తారు.

ఫిట్స్‌ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు. నోట్లో చెంచా, నీళ్లు పెట్టొద్దు. ఎడమ పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టి, దెబ్బ తగలకుండా చూసి, 108కు ఫోన్‌ చేయండి.

ఇవి దయ కాదు, హక్కులు

ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్‌, మందులు, పరీక్షలు, రక్తం, రాకపోకలు అన్నీ ఉచితం. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఇది మీకు దక్కాల్సిందే. 2019లో వచ్చిన ‘సుమన్‌’ పథకం మరో అడుగు ముందుకేసి, ప్రభుత్వాసుపత్రికి వచ్చిన గర్భిణిని వైద్యం లేకుండా తిప్పి పంపడాన్ని ఏమాత్రం సహించరాదంది. గౌరవంగా చూడటాన్నీ అందులో భాగం చేసింది. నొప్పులప్పుడు ఆడతోడు ఒకరు గదిలో ఉండొచ్చని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అదే ఏడాది మొదలైన సురక్షిత మాతృత్వ అభియాన్‌ కింద ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టరే ఉచితంగా పరీక్షిస్తారు. ఒంట్లో బాగున్నా ఆ రోజు వెళ్లండి. బాగున్నప్పటి బీపీ తెలిస్తేనే బాగాలేనప్పటిది తెలుస్తుంది.

ముందునుంచే బీపీ, షుగర్‌, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గత కాన్పులో బీపీ వచ్చినవారు, కవలలు ఉన్నవారు తొలి నెలల్లోనే డాక్టరుకు ఆ మాట చెప్పాలి. ముప్పు ఎక్కువున్న వారికి తక్కువ డోసు ఆస్పిరిన్‌ మొదలుపెడతారు. అది నాలుగో నెల లోపే మొదలైతే ఫలితం బాగుంటుంది. సొంతంగా మాత్రం వేసుకోవద్దు. ఐరన్‌తో పాటు నాలుగో నెల నుంచి ఇచ్చే కాల్షియం మాత్రలూ మానొద్దు. వాటికీ బీపీ ముప్పును తగ్గించే గుణం ఉంది. ఐరన్‌, కాల్షియం రెండూ ఒకేసారి వేసుకోకుండా కాస్త ఎడం పాటించండి.

తోడు వెళ్లేవారికి ఒక మాట

అమ్మా, అత్తమ్మా, వదినా, భర్తా... మీరు వెళ్లేది ఆమె బదులు మాట్లాడటానికి కాదు, ఆమె మాట వినిపించేలా చేయడానికి. మొదట ఆమెను చెప్పనివ్వండి. ఆమె ఆగిపోయినచోట అందుకోండి. ‘‘ఈ పిల్ల ఊరికే చెప్పే రకం కాదు సార్‌, పొద్దున్నుంచీ అదోలా ఉంది’’ అని మీరు అనే ఒక్క మాట చాలాసార్లు డాక్టరు కలాన్ని ఆపి తల పైకెత్తిస్తుంది. మందుల చీటీ మీ దగ్గర, ఫోను మీ చేతిలో, బీపీ అంకె మీ నోట ఉండాలి.

డాక్టర్లు, నర్సులకూ ఓ విన్నపం. మళ్లీ మళ్లీ వచ్చే గర్భిణి విసిగిస్తున్న మనిషి కాదు. రెండోసారి వచ్చిందంటేనే అదొక లక్షణం. ఇంటికి పంపే ముందు ఇంకోసారి బీపీ చూస్తే పోయేది రెండు నిమిషాలు.

కాన్పయ్యాక కూడా

బిడ్డ పుట్టింది, గండం గడిచింది అనుకుంటాం. కానీ గుర్రపువాతం కాన్పయ్యాక కూడా రావొచ్చు. తొలి రెండు రోజుల్లో ముప్పు ఎక్కువ. కొందరికి వారం, అంతకు మించిన రోజుల తర్వాత కూడా వస్తుంది. బాలింతకు తలనొప్పి, చూపు మసక, ఆయాసం, జ్వరం, ఎక్కువ రక్తస్రావం ఉంటే ‘పచ్చి ఒళ్లు, చల్లగాలి తగిలింది’ అని చెవిలో దూది పెట్టి ఊరుకోవద్దు. ఆరు వారాల వరకూ అవే జాగ్రత్తలు. డాక్టరు దగ్గర మొదటి మాటే ‘‘నాకు కాన్పయి పది రోజులైంది’’ అని చెప్పాలి.

ఆ రాత్రి దగ్గరికి మళ్లీ వెళ్దాం. పెనుకొండ దగ్గరి ఆ ఇంట్లో అమ్మాయి మెల్లగా లేచి కూర్చుంది. ‘‘అమ్మా, ఇది ఎండకు వచ్చిన నొప్పి కాదు. నాకేదో అయితాంది. ఆసుపత్రికి పోదాం’’ అంది. తల్లి నూనె గిన్నె పక్కన పెట్టింది. కొడుకును లేపి 108కు ఫోన్‌ చేయించింది. బీరువాలోంచి కార్డు తీసి కొంగున కట్టుకుంది.

వెళ్లాక బీపీ మామూలుగానే ఉందనుకోండి, పోయేది ఒక రాత్రి నిద్ర. 170 ఉందనుకోండి, దక్కేవి రెండు ప్రాణాలు. ‘ఏదో తేడాగా ఉంది’ అని నోరు తెరిచి చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.